పిల్లల క్యాంపుకి కెన్యా పిలుస్తున్నారు, వెళ్ళనా మాననా?

సింగ్‌నగర్ సిస్టర్ | 9 జూన్ 2024, రాత్రి 10:42

అందరికీ వందనాలు. మాది విజయవాడ సింగ్‌నగర్, ఉద్యోగం హైదరాబాదులో. మా చర్చి సంఘం నుంచి పన్నెండు మంది ఆగస్టులో కెన్యా వెళ్తున్నారు. కిసుము దగ్గర ఒక పల్లెలో అక్కడి సంఘంవాళ్ళు బడి సెలవుల్లో పిల్లలకి అయిదు రోజుల క్యాంపు పెడతారట, 12వ తేదీ నుంచి 16 దాకా. మన వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి) లాంటిదే, కాకపోతే పిల్లలు రాత్రిళ్ళు కూడా అక్కడే పడుకుంటారు. నూట యాభై మంది దాకా వస్తారంటున్నారు.

నేను పదేళ్ళుగా సండే స్కూల్ చెప్తున్నా. యాక్షన్ సాంగ్స్ వచ్చు, బొమ్మలు కత్తిరించడం వచ్చు, అల్లరి పిల్లల్ని కూర్చోబెట్టడం కూడా వచ్చు. పేరు ఇవ్వమని మా పాస్టర్ అయ్యగారు అడిగారు. మనిషికి లక్షా అరవై వేలు. సగం నాది, సగం సంఘంలో కానుకలు పట్టి ఇస్తారు.

నాన్న మాత్రం ఒకటే మాట. "ఆ డబ్బు పెడితే మన వీధిలో నలుగురు పిల్లలకి ఏడాది ఫీజు వెళ్ళిపోతుంది కదమ్మా." నాకు నోట మాట రాలేదు. ఇలాంటి వాటికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

కోనసీమ కాపరి | 9 జూన్ 2024, రాత్రి 11:15

సిస్టర్, వందనాలు. భారం పెట్టినవాడే దారి కూడా చూపిస్తాడు. నాన్నగారిని నొప్పించకుండా, ప్రార్థించి అడుగు వేయండి. ఇంత మంచి అవకాశం అందరికీ రాదు.

ప్రశ్నల పోతురాజు | 10 జూన్ 2024, ఉదయం 7:03

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు, ముందే చెప్తున్నా. కానీ లెక్కలు తెలుసు. కెన్యా 2019 జనాభా లెక్కల్లో నూటికి ఎనభై అయిదు మంది క్రైస్తవులు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 లెక్కల్లో ఒకటిన్నర శాతం కూడా లేరు. ఒకటిన్నర వాళ్ళు విమానమెక్కి వెళ్ళి ఎనభై అయిదు వాళ్ళకి ఏం చెప్తారండీ? చెరువుకి బిందెతో నీళ్ళు మోసినట్టు. మీ నాన్నగారి మాటే నిజం.

సింగ్‌నగర్ సిస్టర్ | 10 జూన్ 2024, ఉదయం 9:20

పోతురాజు గారూ, మీ మాట గుచ్చుకుంది. అయినా వాళ్ళు సువార్త చెప్పమని పిలవలేదు. పిల్లలు ఎక్కువ, చూసుకునే మనుషులు తక్కువ, సాయానికి రమ్మన్నారు. కాదంటారా, వంటకి ఉల్లిపాయలు తరగడానికి లక్షా అరవై వేలా అని అడిగితే మళ్ళీ నా దగ్గర జవాబు లేదు.

నైరోబీ నాయుడు | 10 జూన్ 2024, మధ్యాహ్నం 1:48

పదకొండేళ్ళుగా నైరోబీలో అకౌంట్స్ చూస్తున్నా. వెళ్ళాలా వద్దా అన్నది మీరూ మీ అయ్యగారూ తేల్చుకోండి. వస్తే మాత్రం ఇవి గుర్తుపెట్టుకోండి.

మొన్న జనవరి నుంచి వీసా తీసేసి ఈటీఏ (ముందుగా తీసుకునే ప్రయాణ అనుమతి) అని పెట్టారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ముప్ఫై డాలర్లు. అయితే పర్యాటకులమని రాసి వచ్చి సంఘంలో పని చేయడం గీత మీద నడకే. మిషనరీలకి ఇక్కడ క్లాస్ ఐ పర్మిట్ అని వేరే ఉంది, కొద్ది రోజులకైతే స్పెషల్ పాస్ అంటారు. మీ పనికి ఏది కావాలో పిలుస్తున్న సంఘాన్నే కనుక్కోమనండి, జవాబు రాతలో తీసుకోండి. "అవన్నీ ఎవరూ చూడర్లే" అన్నారంటే ఆ మాటకే అనుమానించాలి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. తిరిగి ఇండియాలో దిగేటప్పుడు కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

కవర్లు! మన ప్రాణం ప్లాస్టిక్ కవర్లలో ఉంటుంది కదా. 2017 ఆగస్టు నుంచి ఇక్కడ నిషేధం. చట్టంలో నాలుగేళ్ళ జైలు దాకా ఉంది. ఆవకాయ సీసా చుట్టిన కవరు, చెప్పులు పెట్టుకున్న కవరు, పిల్లల బొమ్మల కవర్లు అన్నీ ఇంట్లోనే వదిలేసి గుడ్డ సంచులు తెచ్చుకోండి.

కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డునే. నీళ్ళు చూడగానే దిగాలనిపిస్తుంది. దిగకండి. నత్తల వల్ల వచ్చే బిల్హార్జియా అనే జబ్బు ఆ నీళ్ళలో ఉంది, పురుగు చర్మంలోంచే లోపలికి పోతుంది.

భాష గురించి భయం వద్దు. రంగుని స్వాహిలీలో రంగి అంటారు. సబ్బు సబుని. బీమా బిమా. వకీలు వకిలి. మందుని దవా అంటారు, దవాఖాన తెలిసినవాళ్ళకి అది చెప్పక్కర్లేదు. కొట్టుని దుకా అంటారు. చాయ్ చాయే, చపాతీ చపాతియే. 1896లో మొదలైన రైలు మార్గానికి మన దేశం నుంచి ముప్ఫై వేల పైచిలుకు కూలీల్ని తెచ్చారు, ఎక్కువమంది పంజాబు వాళ్ళు. వాళ్ళ వెనకే గుజరాతీ దుకాణాలు వచ్చాయి. వాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు, మాటలు మిగిలాయి. (కొన్ని మాటలు అంతకు ముందే అరబ్బు ఓడల్లో వచ్చాయి.)

పిల్లల డాక్టరు, కర్నూలు | 10 జూన్ 2024, రాత్రి 9:30

నాయుడు గారు చెప్పని ముఖ్యమైన సంగతి మలేరియా. నైరోబీ ఎత్తు మీద ఉంది కాబట్టి అక్కడ తక్కువ, సరస్సు చుట్టుపక్కల మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది, అందులోనూ ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. ముందుజాగ్రత్త మాత్రలు మీకు ఏవి పడతాయో డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు మింగాలి. ఇంటికొచ్చేశాం కదా అని మానేసినవాళ్ళని చూశాను. వచ్చిన కొన్ని నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా "కెన్యా వెళ్ళొచ్చా" అన్నది డాక్టరుతో చెప్పే మొదటి మాట కావాలి.

ఇంకోటి. జలుబు, దగ్గు, ఒంటిమీద దద్దురు ఉన్నవాళ్ళు పిల్లల మధ్యకి వెళ్ళొద్దు. టికెట్ కొన్నాం కాబట్టి వెళ్తాం అనడం పరిచర్య కాదు.

హాస్టల్ పిల్లోడు | 11 జూన్ 2024, రాత్రి 12:51

ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నా. రాయకూడదనుకుంటూనే రాస్తున్నా.

మాది బాపట్ల వైపు. 1994 నుంచి ఏడేళ్ళు మిషన్ హాస్టల్లో పెరిగా. ఏటా జనవరిలో తెల్లవాళ్ళ బస్సు వచ్చేది. ముందు రోజు మాకు తలంట్లు, గోళ్ళు తీయడం, ఆవరణంతా ముగ్గు గీతలు. ఆ రోజు పప్పుచారులో ములక్కాడలు కనపడేవి. పాట నేర్పేవాళ్ళు, టూత్‌బ్రష్షు, రంగు పెన్సిళ్ళు ఇచ్చి ఫొటోలు తీసుకునేవాళ్ళు. సాయంత్రానికి బస్సు వెళ్ళిపోయేది. పెన్సిళ్ళు వార్డెన్ గారు మళ్ళీ ఏరి బీరువాలో పెట్టేవారు, పైయేడు చూపించాలిగా.

మా ఖర్చు పెట్టే దొరలకి ఏడాదికి రెండు ఉత్తరాలు రాయాలి. మాస్టారు బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తే చూసి రాసేవాళ్ళం. నేను బాగున్నాను, మీ కోసం ప్రార్థిస్తున్నాను, వాతావరణం బాగుంది. ఒకసారి నాకు టైఫాయిడ్. మంచంలోకే పలక, కాగితం తెచ్చారు. అందులో కూడా నేను బాగున్నాననే రాశా.

వాళ్ళలో ఒకామె వరసగా మూడేళ్ళు వచ్చింది. లావుగా, మోకాళ్ళ నొప్పులతో ఉండేది. పాటలూ పాడలేదు, కథలూ చెప్పలేదు. వంటశాలలో మా వంటామె పక్కన పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేది. రెండో ఏడు వచ్చేసరికి ఒక్క మాట నేర్చుకొచ్చింది, "అన్నం తిన్నావా?" ఉదయం ఏడింటికీ అదే, సాయంత్రం నాలుగింటికీ అదే. మేం పగలబడి నవ్వేవాళ్ళం. వచ్చే ఏడు కూడా వస్తానని ముగ్గురం పిల్లలకి చెయ్యిలో చెయ్యేసి చెప్పింది.

నాలుగో ఏడు రాలేదు. బస్సులోంచి ఒక్కొక్కరూ దిగుతుంటే గేటు దగ్గర నిలబడి చూశా. వార్డెన్ గారిని అడిగితే "వాళ్ళకి చాలా దేశాలుంటాయిరా" అన్నారు.

ఆ హాస్టల్ లేకపోతే నేను ఈరోజు బ్యాంకులో కాదు, గేదెల వెనక ఉండేవాణ్ణి. అది మర్చిపోను. ఇదీ మర్చిపోలేను. సిస్టర్, మీరు వెళ్ళండి, వెళ్ళకండి, అది మీ ఇష్టం. వెళితే మాత్రం మళ్ళీ వస్తానని ఏ పిల్లకీ చెప్పకండి.

సింగ్‌నగర్ సిస్టర్ | 11 జూన్ 2024, ఉదయం 6:40

అన్నా, పొద్దున్నే మీది చదివి ఆఫీసుకి తయారవలేక కూర్చున్నా. ఆ మాట చెప్పను.

ఓరుగల్లు థామస్ | 11 జూన్ 2024, మధ్యాహ్నం 12:10

మేం 2019ల నేపాల్ పోయినం, గిట్లనే పిల్లల క్యాంపు. ఎనిమిది మందిమి. ఆడ 2018 ఆగస్టు నుంచి కొత్త శిక్షాస్మృతి నడుస్తున్నది, మతం మార్పిస్తే అయిదేండ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా. బయటిదేశం వాళ్ళయితే శిక్ష అయినంక దేశంలకెల్లి పంపిస్తరు. మా లీడరుకు ఇది తెలుసు. తెలిసి కూడా పిల్లల సంచులల్ల కరపత్రాలు పెట్టించిండు. "దేవుడు చూసుకుంటడు" అన్నడు.

మూడో దినం పోలీసులు వచ్చిండ్రు. ఎవ్వరో తల్లిదండ్రులే ఫిర్యాదు చేసిండ్రట. మమ్ముల బస్సెక్కించి సునౌలి సరిహద్దు దాటించిండ్రు, గోరఖ్‌పూర్ల రైలెక్కి ఇంటికొచ్చి సాక్ష్యాలు చెప్పుకున్నం. ఆ ఊరి పాస్టర్ స్టేషన్ల ఉన్నడు. ఎన్ని రోజులున్నడో, ఆయన పిల్లలు ఏమైండ్రో మేం ఎవ్వరం అడగలే. నేను కూడా అడగలే. గందుకే చెప్తున్న అక్కా, మీ తప్పుకు ఆడ ఎవరు జవాబు చెప్పాల్నో ముందు చూసుకోని పో.

కావలి మాస్టారు | 11 జూన్ 2024, సాయంత్రం 6:25

రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ని, కాస్త సాగదీస్తా, ఓర్చుకోండి.

ఆఫ్రికాకి మన తెలుగువాళ్ళు పరిచర్యకి వెళ్ళడం ఇవాళ కొత్త కాదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అది మొదలు నాటాల్ తోటలకి వేలమంది ఒప్పంద కూలీలు వెళ్ళారు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ కోసం 1903లో మా నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు తమ సొంత సొసైటీ తరఫున జాన్ రంగయ్య గారిని పంపారు. అమెరికా దొరల మిషన్ పంపింది కాదు, ఇక్కడి సంఘాలే పూనుకున్నాయి. ఆ ఏడాది డిసెంబరు 27న కేర్స్నీ తేయాకు తోటలో సంఘం ఏర్పడింది. ఆయన 1915లో కన్నుమూసేదాకా ఆ దేశంలోనే పనిచేశారు. పది రోజులకి కాదమ్మా, పన్నెండేళ్ళకి వెళ్ళారు. అందులోనూ తన భాష వాళ్ళ దగ్గరికి.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో దోర్నకల్ నుంచి వెళ్ళిన అజరయ్య గారు దొరలందరి ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. రెండేళ్ళకి ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు. హాస్టల్లో పెరిగిన ఆ అబ్బయ్య రాసింది చదివితే నాకు ఆ మాటే గుర్తొచ్చింది. చిక్కుడుకాయలు ఈనెలు తీసిన ఆవిడ సగం దారి వచ్చింది.

ప్రశ్నల పోతురాజు | 11 జూన్ 2024, సాయంత్రం 7:02

మాస్టారూ, రంగయ్య గారి సంగతి నాకు తెలియదు. వెనక్కి తగ్గా అనుకోకండి, చెరువూ బిందే మాట చెరువూ బిందే మాటే. కానీ ఇది తెలుసుకోదగ్గది.

మంగళగిరి అంగన్‌వాడీ | 12 జూన్ 2024, ఉదయం 11:11

పిల్లల సంరక్షణ పనిలో ఉన్నాను. ప్రోగ్రాంలో అనాథాశ్రమం సందర్శన లాంటిది ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే తీసేయించండి. చాలా దేశాల్లో ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. చూడ్డానికి వచ్చేవాళ్ళ డబ్బు ఉన్నంతకాలం పిల్లల్ని ఇళ్ళకి పంపాలని ఎవరికీ తోచదు. ఆస్ట్రేలియా 2018లో తెచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం దగ్గర ఈ సంగతి మీద పెద్ద చర్చే జరిగింది. కెన్యా కూడా 2017 నుంచి కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసి, 2022లో పిల్లల్ని కుటుంబాల్లోకి పంపే పదేళ్ళ ప్రణాళిక పెట్టుకుంది.

క్యాంపు వేరు, ఆ పిల్లలు శనివారం ఇంటికి వెళ్తారు. అయినా అడగాల్సినవి అడగండి. రాత్రి పిల్లల గదిలో ఎవరు పడుకుంటారు? పెద్దవాళ్ళు ఒక్కరే పిల్లలతో ఉండకూడదన్న నియమం ఉందా? ఫొటోలకి ఎవరి అనుమతి? మీ పన్నెండు మంది మీద పోలీసు విచారణ పత్రం (పీసీసీ) అడిగారా? పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు పర్యాటక వీసా వాళ్ళకి పీసీసీ ఇవ్వరు, స్థానిక పోలీసుల దగ్గర తీసుకోవాలి. ఎవరూ అడగకపోతే అది వాళ్ళ మంచితనం అనుకోకండి.

సింగ్‌నగర్ సిస్టర్ | 12 జూన్ 2024, రాత్రి 10:05

ఇప్పుడే ప్రోగ్రాం కాగితం తీసి చూశా. 17వ తేదీ, శనివారం: అనాథాశ్రమంలో బహుమతుల పంపిణీ. వెన్నులో చలి పుట్టింది. అయ్యగారికి ఫోన్ చేశా, ముందు కోపం వచ్చింది ఆయనకి. "నీకు ఇంటర్నెట్ నేర్పుతోందా?" అన్నారు. అరగంటకి ఆయనే తిరిగి చేసి కిసుము పాస్టర్‌తో మాట్లాడానన్నారు. అది వాళ్ళు పెట్టింది కాదట, మన ట్రావెల్స్ అతను "అందరూ అడుగుతారు కదా" అని కలిపాడట! తీసేశారు.

పీసీసీ కూడా ఆ పాస్టరే అడిగారు, మా లీడరు మాకు చెప్పడం మర్చిపోయారు. పేరు ఇచ్చేశాను.

సింగ్‌నగర్ సిస్టర్ | 26 జూన్ 2024, ఉదయం 8:15

నిన్న టీవీలో నైరోబీ పార్లమెంటు తగలబడుతుంటే నాన్న నాకు ఫోన్ చేసి ఏం మాట్లాడకుండా లైన్లో ఉన్నారు. నాయుడు గారూ, మీరు క్షేమమేనా?

నైరోబీ నాయుడు | 26 జూన్ 2024, మధ్యాహ్నం 2:30

క్షేమం. ఆఫీసు మూసేశారు, ఇంట్లోనే ఉన్నాం. పన్నులు పెంచే ఫైనాన్స్ బిల్లు మీద గొడవ, చాలామంది కుర్రాళ్ళు చనిపోయారు. వీధుల్లోకి వచ్చింది ఇరవై ఏళ్ళ పిల్లలు, ఏ పార్టీ జెండా లేకుండా. కిసుములో కూడా ఊరేగింపులు జరిగాయి. నెల ఆగి చూడండి, ఇప్పుడే టికెట్ రద్దు చేయకండి. ఇక్కడికి వచ్చాక "పాపం ఆఫ్రికా" అనే మొహం మాత్రం పెట్టకండి, ఆ కుర్రాళ్ళకి మండుతుంది.

(రాత్రి కలుపుతున్నా: బిల్లు మీద సంతకం పెట్టనని ప్రెసిడెంటు ప్రకటించాడు.)

సింగ్‌నగర్ సిస్టర్ | 4 ఆగస్టు 2024, రాత్రి 9:00

టీకా అయింది. మాత్రలు తెచ్చుకున్నా. అమ్మ పాత వాయిల్ చీరలు కోసి నూట అరవై చిన్న సంచులు కుట్టింది, క్రాఫ్ట్ సామానంతా వాటిలోనే. నాన్న బొత్తాలు కుట్టారు. ఒప్పుకున్నట్టు కాదట, ఖాళీగా ఉండి కుట్టారట.

సింగ్‌నగర్ సిస్టర్ | 15 ఆగస్టు 2024, రాత్రి 11:20

కిసుము దగ్గర్నించి. సిగ్నల్ వచ్చీ పోతోంది. నాలుగు రోజులైంది. గొంతు పోయింది. పొద్దున మేం జనగణమన పాడితే పిల్లలు వాళ్ళ జాతీయగీతం రెండు చరణాలు పాడి మమ్మల్ని ఓడించారు. వచ్చాక రాస్తా.

సింగ్‌నగర్ సిస్టర్ | 27 ఆగస్టు 2024, రాత్రి 10:10

రాస్తానన్నా కదా, ఇదిగో.

ముంబయి నుంచి నైరోబీ, అక్కడి నుంచి బస్సులో పగలంతా ప్రయాణం. కెరిచో దగ్గర తేయాకు తోటలు రోడ్డుకి రెండు వైపులా దువ్వినట్టు ఉన్నాయి. తర్వాత దిగుడు, ఉక్కపోత, సరస్సు. బస్సు దిగగానే ఒక పెద్దావిడ "బ్వానా అసిఫివే" అంది. ప్రైజ్ ది లార్డ్ అన్నమాట. మనం చర్చి మెట్ల దగ్గర ఎలా అంటామో అదే స్వరం.

మొదటి గంటలోనే తెలిసిన సంగతి, ఆ క్యాంపుకి మేం లేకపోయినా ఏమీ ఆగదు. నడిపేది అక్కడి బడి టీచరమ్మ. ఆవిడ చేతిలో ఈల, చంకలో రిజిస్టరు. పాఠాలు, పాటలు అన్నీ వాళ్ళ టీచర్లవే, కాస్త స్వాహిలీలో, ఎక్కువ లువో భాషలో. నేను హైదరాబాదు నుంచి మోసుకెళ్ళిన కథల కార్డులు ఆవిడ ఒక్కొక్కటే తిరగేసి, "ఈ యేసుకి నీలి కళ్ళెందుకు?" అంది. మా సండే స్కూల్లో ఆ కార్డులు పదేళ్ళుగా వాడుతున్నా, నేనెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. నవ్వేసి పక్కన పెట్టింది.

మాకు పడిన పనులు: నీళ్ళు మోయడం, గిన్నెలు తోమడం, మధ్యాహ్నం క్రాఫ్ట్ బల్ల, రాత్రి దోమతెరలు దోపడం. మా లీడరు రెండు రోజులు మొహం ముడుచుకున్నారు, ప్రసంగం చేయనివ్వలేదని. మూడో రోజు అన్నం తింటున్న పిల్లల ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టారు. టీచరమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడి, తీసేసేదాకా కదల్లేదు. ఒక్క మాట గట్టిగా అనలేదు. మాకే ప్రాణం పోయింది.

పొద్దున టిఫిన్‌కి ఉజి. గ్లాసు నోట్లో పెట్టుకోగానే అరిచినంత పని చేశా, రాగి జావ! వాళ్ళు వింబి అంటారు. అసలు రాగులు పుట్టిందే ఆ వైపు ఎత్తు ప్రాంతాల్లోనట, మనకే అక్కడి నుంచి వచ్చాయట. మా తాతమ్మ చేసే జావ మీద నాకున్న గర్వమంతా కాసేపు ఎటో పోయింది.

వంటశాలలో వండే ఆవిడ దగ్గర ఎక్కువసేపు గడిపా. హాస్టల్ అన్నయ్య చెప్పిన మాట మనసులో ఉండబట్టే అనుకుంటా. ఆవిడది అహెరో వైపు, న్యాండో నది పక్కన. ఏప్రిల్, మేలో వచ్చిన వరదల్లో ఇల్లు మునిగి చెల్లెలింట్లో ఉంటోంది. గితెరి అని మొక్కజొన్న గింజలు, చిక్కుడు గింజలు కలిపి ఉడకబెడతారు, అది కలపడానికి చేతులు పడిపోయేంత పెద్ద గరిటె. మూడో రోజు నుంచి నన్ను కలపనిచ్చింది. అది నాకు దక్కిన గౌరవం అని మిగతావాళ్ళు చెప్తే తెలిసింది.

క్రాఫ్ట్ బల్ల దగ్గర మొదటి రోజు కాగితం పడవలు, రెండో రోజు ఇంకేదో. మూడో రోజు ఒక పిల్ల నా నోట్‌బుక్‌లో తెలుగు రాత చూసి తన పేరు రాయమంది. అంతే, ఇక క్రాఫ్ట్ లేదు ఏమీ లేదు, నూట నలభై ఎనిమిది పేర్లు! ఒటియెనో అంటే రాత్రి పుట్టినవాడట. అకిన్యి పొద్దున పుట్టిన పిల్ల. ఒకోత్ వానలో పుట్టినవాడు. అచియెంగ్ మిట్టమధ్యాహ్నం ఎండలో. రాస్తూ రాస్తూ ఎవరు ఎప్పుడు పుట్టారో నాకే తెలిసిపోయింది. ఒకడు తన పేరు చూసుకుని "మీ అక్షరాలన్నీ చపాతీల్లా ఉన్నాయి" అన్నాడు. అమ్మ కుట్టిన సంచుల్లో మడిచి పెట్టుకున్నారు ఆ కాగితాలు. లోపలున్న స్టిక్కర్లు తీసి పక్కనపెట్టి మరీ.

నాలుగో రాత్రి తొమ్మిదేళ్ళ పిల్లకి జ్వరం కాలిపోయింది. నాకు చేతులు వణికాయి. మేట్రన్ లేచి, వేలి మీద గుచ్చి మలేరియా పరీక్ష చేసి, మందు వేసి, వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి, తడి గుడ్డ వేసి కూర్చుంది. నేను టార్చి పట్టుకున్నా. అంతే నేను చేసింది. తెల్లారేసరికి ఆ పిల్ల ఉజి అడిగింది.

ఆఖరి రోజు ఇద్దరు ముగ్గురు పిల్లలు మళ్ళీ వస్తావా అని అడిగారు. తెలియదు అన్నా. హాస్టల్ అన్నయ్యా, ఆ మాట అనడం నేననుకున్నంత తేలిక కాదు.

నాన్న ప్రశ్నకి? ఇప్పటికీ జవాబు లేదు. లక్షా అరవై వేలు గిన్నెలు తోమినందుకు ఎక్కువే.

హాస్టల్ పిల్లోడు | 28 ఆగస్టు 2024, ఉదయం 7:30

చదివాను సిస్టర్. తెలియదు అన్నారుగా, చాలు.

మంగళగిరి అంగన్‌వాడీ | 28 ఆగస్టు 2024, ఉదయం 10:00

ఆ టీచరమ్మని ఇక్కడికి పిలవండి, మన వీబీఎస్‌లు చూపించి నాలుగు మాటలు చెప్పిద్దాం.

సింగ్‌నగర్ సిస్టర్ | 28 ఆగస్టు 2024, రాత్రి 9:45

అక్కా, ఆవిడే అడిగింది, మేలో ఇద్దరం వచ్చి మీ క్యాంపు చూడొచ్చా అని. కనుక్కున్నా. మన పర్యాటక వీసా మీద వస్తే ఆరాధనలో కూర్చోవచ్చు, బోధించకూడదు, మిషనరీ వీసా అయితే వేరే. పైగా టికెట్ డబ్బు. ముప్ఫై డాలర్లు కట్టి మేం తేలిగ్గా వెళ్ళొచ్చాం. వాళ్ళు రావడం అంత తేలిక కాదు. ఈ సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.

సింగ్‌నగర్ సిస్టర్ | 5 సెప్టెంబరు 2024, రాత్రి 8:20

నా గురించి అడిగినవాళ్ళందరికీ. ఆదివారం బుడమేరు వచ్చి మా వీధంతా మునిగింది. అమ్మానాన్న రెండు రోజులు పైవాళ్ళ డాబా మీద ఉండి మంగళవారం పడవలో బయటపడ్డారు. ఇప్పుడు బాబాయి వాళ్ళింట్లో క్షేమం. కుట్టు మిషను పోయింది.

ప్రశ్నల పోతురాజు | 5 సెప్టెంబరు 2024, రాత్రి 8:41

అమ్మా, నేను గుణదలలోనే ఉంటా. రేపు నేనూ మా అబ్బాయీ వస్తాం, ఇల్లు కడిగే పని ఉంటుంది. నంబరు విడిగా పంపండి.

సింగ్‌నగర్ సిస్టర్ | 9 సెప్టెంబరు 2024, రాత్రి 11:32

పోతురాజు గారూ, మీరు మోసిన బురద లెక్క నాన్న చుట్టాలందరికీ చెప్తున్నారు.

ఇంకో సంగతి. వార్త ఎలా తెలిసిందో, కిసుము నుంచి వంటామె వాట్సాప్‌లో గొంతు పంపింది. ముక్కలు ముక్కలు ఇంగ్లీషు, మధ్యలో స్వాహిలీ. "పోలే సానా" అని మూడుసార్లు అంది, అయ్యో పాపం అన్నట్టు. ఇక్కడ చుట్టాలూ ఆఫీసువాళ్ళూ అందరూ క్షేమమేనా అనే అడిగారు. ఆవిడ అది అడగలేదు. నీళ్ళు మంచం దాకా వచ్చాయా, మంచం దాటాయా? పిండి తడిసిందా? పాములు చూసుకోమను, అటకల్లో ఉంటాయి. పరుపు ఎండినట్టే ఉంటుంది, ఎండదు, పారేయమను. బావి నీళ్ళు కాచకుండా తాగొద్దను.

నాన్నకి వినిపించా. ఒక్కో వాక్యానికీ తెలుగు చెప్తుంటే బుర్ర ఊపుతూ విన్నారు. తర్వాత ఫోన్ ఇలా ఇవ్వమని, దానికేసి వంగి, మంచం దాటి రెండు జానలు అని తెలుగులోనే చెప్పారు. అదే పంపించా.